పడటం నేర్పినవాడు

ఎనభైల చివర్లో, ఫీనిక్స్ నుంచి లాస్ ఏంజిలిస్ వెళ్ళే బస్సులో అతను నా పక్క సీట్లో కూర్చున్నాడు. బక్కపలచని మెక్సికన్ అమెరికన్. చొక్కా మీద గులాబీ రంగు త్రికోణం బ్యాడ్జి, స్వలింగ ప్రేమికుల హక్కుల పోరాటానికి గుర్తు. డ్యాన్సులు కంపోజ్ చేయడం తన పని అన్నాడు. ప్రేమించినవాడు, స్నేహితులు ఒక్కొక్కరే ఎయిడ్స్‌తో పోయాక, ఎయిడ్స్ మందుల కోసం చేసే నిరసన ఊరేగింపుల్లో పోలీసులు ఈడ్చినప్పుడు దెబ్బ తగలకుండా ఎలా పడాలో జనానికి నేర్పుతున్నాడట.

"గడ్డం ఛాతీకి ఆనించు. ఊపిరి వదిలెయ్. ముందు భుజం పడాలి, తల కాదు," అంటూ సీట్లోనే ఒరిగి చూపించాడు. నాకు నవ్వొచ్చింది.

మధ్యాహ్నం కాఫీకి బస్సు ఆగింది. మేం దిగగానే ఇద్దరు మనుషులు ఆ బ్యాడ్జి చూశారు. ఒకడు అతని జుట్టు పట్టుకుని తారు మీదికి ఈడ్చాడు. రెండోవాడు "రోగిష్టి కుక్కా" అంటూ బూటుకాలితో డొక్కలో తన్నాడు, మళ్ళీ మళ్ళీ తన్నాడు. అతను నాకు చూపించినట్టే పడ్డాడు. అయినా ఒక తన్ను మూతికి తగిలి పెదవి చిట్లింది. బస్సులోంచి ఒక్క వెధవా దిగలేదు. దిగి ఉన్న నేనూ కదల్లేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక చేతిరుమాలు తీసి అతని మీదికి వంగాను.

"ముట్టుకోకు, రక్తం. కింద పడెయ్, నేనే తీసుకుంటాను," అన్నాడు.

నా మేలు కోరి అన్నాడని చాలా ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాను. నిజానికి ఆ మాట అనకముందే నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. అది చూశాకే అతను ఆ మాట అన్నాడు.