ప్రేమలత ముక్కు

కాజీపేటలో ప్రేమలత ముక్కుకు ఒక చరిత్ర ఉంది. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసిన ఆమె, వార్డు గుమ్మంలో నిలబడే ఏ మంచం మీద పుండు చెడుతోందో చెప్పేది. పెద్ద డాక్టర్లు కూడా కట్టు విప్పకముందు "ఏమంటవమ్మా?" అని ఆ ముక్కు అభిప్రాయం అడిగేవారు.

రిటైరయ్యాక కూతురు సుప్రియ స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది. బైబిల్లో మోషేతో మాట్లాడటానికి దేవుడికి మండుతున్న ఒక్క పొద సరిపోయింది. ప్రేమలతతో మాట్లాడటానికి పద్నాలుగు వాట్సాప్ గ్రూపులు పట్టాయి. తెల్లారేసరికి ఆ రోజుకు దేవుడి మాటగా పద్నాలుగు బైబిలు వాక్యాలు, పద్నాలుగు వాగ్దానాలు వచ్చి ఉండేవి. అన్నింటికింద ఆమెన్ అని టైపు చేసేది; ఎవరినీ చిన్నబుచ్చే మనిషి కాదు.

భర్త దానియేలుకు షుగరు. సోమవారం అతని కుడికాలి చిటికెన వేలు నల్లబడిందని దవాఖానకు తీసుకెళితే, ఇవాళే వేలు తీసేయాలనీ, ఆలస్యమైతే పాదం పోతుందనీ డాక్టరు చెప్పాడు. దానియేలు భార్య వైపు చూశాడు.

"నాకేమెర్క? నువ్వెట్లంటే అట్ల."

"జర ప్రార్థన జేసుకొని వస్తం సార్," అంది ప్రేమలత.

మంగళవారం వాగ్దానాలను శ్రద్ధగా పరిశీలించింది. ఎనిమిది కదలకుండా దేవుడి కోసం కనిపెట్టుకొని ఉండమన్నాయి. ఆరు లేచి బయలుదేరమన్నాయి. బుధవారం ఆ లెక్క తారుమారైంది. ఆ రోజే యూట్యూబులో ఒక దైవజనుడు "ఇది చూస్తున్న ఒక సహోదరీ, మీ ఇంటి మీదికి కత్తి రాదు" అన్నాడు. ఆ సహోదరి తానేనని ప్రేమలతకు సందేహం కలగలేదు. వీడియో చూసినవారు రెండు లక్షల మంది. ఆయన దగ్గర నుంచి అంతకుముందే తెప్పించిన అభిషేక తైలం మల్లెపూల వాసన వేసేది. దానియేలు కాలి కట్టు విప్పకముందే దాని మీద ఇంత తైలం పోసి, ప్రసంగం వింటూ కట్టు మార్చేది.

సుప్రియ ఫోన్ చేసి అరిచింది. "అమ్మా, వార్డుల ఎవలన్న గిట్ల లేట్ జేస్తే నువ్వే తిడ్తుంటివి గదనే!"

"అప్పుడు గిన్ని వాక్యాలు వస్తుండెనా బిడ్డా?"

శుక్రవారం పొద్దున తైలం సీసా ఖాళీ. తైలం పోయకుండానే కట్టు విప్పింది. విప్పిన గుడ్డ ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. ముక్కు తన తీర్పు చెప్పేసింది. ప్రసంగం నడుస్తున్న ఫోన్‌ను మంచం మీదే వదిలేసి, ఆటో కోసం చెప్పుల్లేకుండా రోడ్డెక్కింది.

ఆపరేషన్ గది ముందు స్ట్రెచర్ మీద దానియేలు అడిగాడు.

"ఏమే, ఇయ్యాల వాగ్దానం ఏమొచ్చింది?"

"ఫోన్ తేలే."

"మరి దేవుడేమన్నడో?"

"సోమారమే అన్నడు. డాక్టర్ నోటితోని. నేనే గుర్తువట్టలే."

"గింత దగ్గరి మనిషితోని చెప్పిస్తే నువ్వెట్ల గుర్తువడ్తవే," అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

డాక్టరు వచ్చి, కోయవలసిన చోట పెన్నుతో గీత గీశాడు. అలాంటి గీతలు ప్రేమలత ముప్పై ఏళ్లు చూసింది. ఇది మడమకు పైన ఉంది.