అంగడి బెల్లం, ఇంటి పథ్యం

చక్కెర జబ్బు వచ్చింది మా మామ ఒక్కడికే. పథ్యం మాత్రం ఇంటిల్లిపాదికీ వచ్చింది.

చింతామణిలో ముందు బెల్లం అంగడి, వెనకాల మా ఇల్లు. డెబ్బయ్యో దశకం చివర్లో బాగేపల్లి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. డాక్టరు తీపి మానమంటే ఆ మహానుభావుడు ఇంట్లో పులుపూ కారమూ కూడా మాన్పించాడు. రుచి తగిలితే నోరూరుతుందట, ఊరితే యావ పెరుగుతుందట! పొద్దూ మాపూ రాగి సంగటి, మిరపకాయ వాసన కూడా తగలని చప్పిడి చారు. మా పుట్టింటి బర్రెలు తాగే కుడితి అంతకంటే రుచిగా ఉండేది.

"నోరు కట్టుకోడమంటే ఇదమ్మా" అని నాకు నీతి చెప్పి ఆయన అంగడికి పోయేవాడు.

పల్లెల నుంచి బెల్లం వస్తే, ప్రతి బస్తాలో ఒక అచ్చు అంచు విరిచి నాలుక మీద వేసుకుని చూడటం ఆ వ్యాపారంలో మామూలే. ఒకరోజు మజ్జిగ తీసుకెళ్లి చూద్దును కదా, ఈయన నిమ్మకాయంత ముక్క బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఇదేం పని మామా?"

"సరుకు చూస్తాండానమ్మా, తింటాండానా? చూడకుండా ఎట్ల కొనేది?"

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది. అబద్ధమైనా బాగుండేది. ఆ మాట ఆయన నిజంగానే నమ్మాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అంతలో మామ కాలి బొటనవేలికి లేచిన పుండు ఎన్నాళ్లయినా మానలేదు. ఆస్పత్రికి తోడుగా నేనూ వెళ్లాను. ఇట్లాగే ఉంటే వేలు తీసేయాలన్నాడు డాక్టరు. తీపి తింటున్నారా అని అడిగాడు.

"మా ఇంట్లో బెల్లం అడుగు పెట్టి చానా దినాలాయె సార్" అన్నాడు మామ, ఛాతీ విరుచుకుని.

"ఇంట్లో లేదు సార్, అంగడిలో ఉండాది" అన్నాను. మామ ఉరిమి చూశాడు. చూస్తే చూడనీ.

మర్నాడు ఎవరినీ అడక్కుండా మా అమ్మ వండినట్టు వండాను. చింతపండు పులుసు పోసి, గోరంత బెల్లం వేసిన కాకరకాయ గొజ్జు, మెంతాకు పప్పు, పచ్చిమిరపకాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, చివరికి మజ్జిగ. అన్ని రుచులూ తలా కాస్త తగిలితే నోరు ఇంక దేనికోసమూ వెతుక్కోదని మా అమ్మ అనేది. మొదటి ముద్దకే మా అత్తకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఆమె ఒక్క మాట అనలేదు.

మామ సణుగుతూనే అంతా తిన్నాడు. ఆ సాయంత్రం బెల్లం బండి వస్తే ముక్క నాలుకకు తగిలించి ఉమ్మేశాడు. రోజూ అదే వంట సాగింది. పుండు మెల్లగా ఎండింది.

ఇక అంగడిలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ ఒకటే బోధ: "అంతా మనసులో ఉండాదప్పా! నేను నోరు కట్టుకుంటి, వేలు నిలిచె."

తలుపు వెనక నుంచి మా అత్త విన్నది. ఆ మధ్యాహ్నం ఆయన కంచంలో పాత సంగటి, పాత చప్పిడి చారు వడ్డించింది. గొజ్జు గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది.

"ఏమే ఇది?"

"మీకు మనసు ఉండాది కదా. అది లేనోళ్లం మేము, గొజ్జు తింటాము."

రెండు ముద్దలు మింగాడు. మూడోది చేతిలోనే ఆగిపోయింది. తల ఎత్తకుండా కంచం నా వైపు జరిపాడు.

"రవంత గొజ్జు వెయ్యమ్మా."