శ్రీరంగప్ప కట్టిన కారు గడప

కారు శెట్టిది. తుప్పు ఉప్పు వల్ల వచ్చింది.

హోసూరు బజారులో అశ్వత్థనారాయణ శెట్టికి చింతపండు, బెల్లం, ఉప్పు వ్యాపారం. తండ్రి కొన్న చిన్న ఇంగ్లీషు కారు పదకొండేళ్లు గోదాములో నిలబడిపోయింది. దానికి కుడిపక్క గోడ, ఎడమపక్క ఉప్పు బస్తాలు. ప్రతి వానాకాలం ఉప్పు చెమర్చేది. ఆ చెమ్మ కారుకు పట్టేది. 1979లో బస్తాలు జరిపి చూశారు. కుడివైపు కారు చెక్కుచెదరలేదు. ఎడమవైపు తలుపు తెరిస్తే కింద నేల కనిపించింది.

శెట్టి దాన్ని లారీ బాడీలు కట్టే షెడ్డుకు లాగించాడు. శ్రీరంగప్ప ఆ షెడ్డులో ఇరవై ఏళ్లుగా రేకుపని చేస్తున్నాడు. ఉద్దనపల్లి మనిషి. తాత, తండ్రి గొర్రెలు కాచారు. తను పద్దెనిమిదో ఏట గొర్రెలు వదిలి సుత్తి పట్టాడు. పొద్దున రాయకోట వైపు నుంచి వచ్చే బస్సులో హోసూరు చేరేవాడు. సాయంత్రం బస్సులో తిరిగి పోయేవాడు. మాట తక్కువ. చెయ్యి నిదానం.

షెడ్డు పెద్ద మేస్త్రీ లక్ష్మణప్ప. అతను స్క్రూడ్రైవరుతో కారు అడుగున పొడిచాడు. అది పిడిదాకా దిగిపోయింది.

"ఇది కారు కాదు శెట్టిగారూ, జల్లెడ. ఇంట్లో రాగిపిండి జల్లించుకోండి."

"బాగు కాదా అప్పా?"

"డబ్బారేకు వేసి, తారు పూసి ఇస్తా. తలుపు మాత్రం మూస్తే పడదు. తాడుతో కట్టుకోవాల."

శ్రీరంగప్ప వంగి కారు కింద చూశాడు. చాలాసేపు చూశాడు.

"పడతాది," అన్నాడు.

"ఎవురప్పా చేసేది?" అన్నాడు లక్ష్మణప్ప.

"నేనే. ఇంటికాడ. ఆదివారాలు."

షెడ్డంతా నవ్వింది. లక్ష్మణప్ప ఇంకా గట్టిగా నవ్వాడు. "గొర్రెకు బొచ్చు కత్తిరించేది అనుకొంటివా? ఆ తలుపు పడితే నేను బస్సెక్కి ఉద్దనపల్లికి వస్తా, చూసేదానికి."

"రా. ఒక్క వేలితో మూస్తాను, చూద్దువు."

అంత మాట అతను ఎప్పుడూ అనలేదు. అన్నాక వెనక్కి తీసుకోలేదు.

ట్రాక్టరు కారును ఉద్దనపల్లికి లాక్కొచ్చింది. ఎడమ తలుపును కొబ్బరితాడుతో కట్టారు. ఇంటి పక్కన కంచెకు నాటేదానికి తెచ్చిన రాతి కూసాలు మిగిలి ఉన్నాయి. శ్రీరంగప్ప చక్రాలు విప్పి, ముందర రెండు రాళ్లు, వెనక రెండు రాళ్లు పెట్టి కారును వాటి మీద కూర్చోబెట్టాడు. అతని భార్య మునివెంకటమ్మ చీపురుతో బయటికి వచ్చింది.

"ఏందిది? సచ్చినెద్దును ఈడ్చుకొచ్చినట్ల తెచ్చినావు."

"బతికిస్తా."

"మేకకు కాలు ఇరిగితే కట్టు కట్టేదానికి వారం చేసినావు. దీనికి నాలుగు కాళ్లూ లేవు."

అయినా మొదటి పని ఆమే చేసింది. ఇత్తడి బిందెలు తోమే చింతపండు గుజ్జును తుప్పు మీద దట్టంగా పట్టించింది. తడి గోనెపట్ట కప్పింది. మరునాడు కొబ్బరిపీచుతో రుద్దింది. బాగున్న ఇనుము బూడిదరంగులో బయటపడింది. బాగులేనిది పీచుతోపాటు చేతికి వచ్చింది. వెంటనే కడిగి, ఎండలో ఆరబెట్టి, చెనక్కాయ నూనె రాసింది. శ్రీరంగప్ప సుద్దముక్కతో గీతలు గీశాడు. తలుపు కింద ముందు నుంచి వెనకదాకా పోయే పెట్టెలాంటి రేకు మొత్తం పోయింది. దాన్ని అతను గడప అన్నాడు. గడపకు వెనక కొసన, తలుపు గొళ్లెం పట్టే కంబం కూడా అడుగున జానెడు పోయింది.

హోసూరు నుంచి కొత్త రేకు, అద్దెకు గ్యాసు వెల్డింగు సామాను తెచ్చాడు. ఇంట్లో వంచే మిషను లేదు. రాతికూసం అంచు మీద రేకును పెట్టి, కొయ్యసుత్తితో కొంచెం కొంచెంగా వంచాడు. కొస నుంచి కొసకు పోవడం, మళ్లీ మొదటికి రావడం. రెండు ఆదివారాలు పట్టింది. గడప వంకర లేకుండా వచ్చింది. దాన్ని ఇంటిగోడకు ఆనించి, దూరంగా కూర్చుని చూశాడు.

మూడో ఆదివారం పాత గడపను, కంబం అడుగుతో సహా, ఈ కొసనుంచి ఆ కొసకు ఒక్కసారిగా కోసి తీశాడు. షెడ్డులో ఇరవై ఏళ్లుగా అట్లాగే కోశాడు. కొత్తది పెట్టి గ్యాసు వెల్డింగు చేశాడు. అతుకు చీమలబారులా సన్నగా, సమంగా పోయింది. తలుపు తగిలించి మూశాడు.

తలుపు పడలేదు. పైమూల చట్రానికి కొట్టుకుంది. వేలెడు తేడా.

అదే రోజు శెట్టి వచ్చాడు. వంగి గడపను తడిమి చూశాడు.

"ఎంత బాగా చేసినావప్పా! కొత్తకారు మాదిరి ఉంది."

"తలుపు పడలేదు."

"పైమూల ఆకురాయితో కొంచెం రాకితే పోలా? రెండు దెబ్బలు తట్టు, పడతాది. నాకు చాలు."

నిజమే. షెడ్డులో అట్లా చేస్తే ఎవరూ తప్పనరు. శ్రీరంగప్ప చేతిలో అప్పటికే ఆకురాయి ఉంది.

మునివెంకటమ్మ బండ మీద రాగులు ఆరబోస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"కంబం పెరికే ముందు దూలానికి ఊత పెట్టినావా?"

"దీనికి దూలం యాడుంది?"

"ముందర రాళ్లు పెట్టినావు. ఎనక రాళ్లు పెట్టినావు. నడుమ ఏమి పెట్టినావు? గాలి. ఇంటి కంబం మార్చినప్పుడు ఊతకొయ్య కాడ నన్ను రెండు దినాలు కావలి పెడితివే! లారీల కాడ ఉండీ ఉండీ ఇల్లు మరిచిపోయినావు."

అతను నేల మీద పడుకుని కింద చూశాడు. లారీకి కింద వేరే దూలాలు ఉంటాయి. పైన ఏది కోసినా దూలం వంగదు. ఈ కారుకు కింద ఏమీ లేదు. ఒళ్లే దూలం. అందులో ఒక పక్కను అతను తెంచాడు. నడుము జారింది. జారిన నడుముకు కొత్త గడప వేసి బిగించాడు.

లేచి, ఆకురాయిని పెట్టెలో పెట్టాడు.

"ఇంకో నాలుగు ఆదివారాలు కావాల శెట్టిగారూ."

"ఎందుకప్పా? అయిపాయ కదా?"

"తప్పు చేసినాను."

బజారులో ఈ మాట విని శెట్టికి అలవాటు లేదు. "నేను అడిగినానా? తలుపు కొంచెం రాకు, అంతే."

"తలుపు మంచిది. ఉప్పు కూడా దాన్ని ముట్టలే. తప్పు నాది అయితే దాన్ని ఎందుకు రాకేది?"

మరుసటి ఆదివారం అతను తన అతుకును తానే కోశాడు. మునివెంకటమ్మ కాసేపు నిలబడింది. చూడలేక లోపలికి పోయింది.

నడుమ కొయ్యదిమ్మె వేసి జాకీ పెట్టాడు. ఒక వెదురుబద్ద తీసుకున్నాడు. బాగున్న కుడివైపు తలుపు తెరిచి, ఆ ఖాళీలో మూల నుంచి మూలకు బద్దను సరిపోయేలా కోశాడు. దాన్ని ఎడమవైపుకు తెచ్చి పెట్టాడు. బద్ద పట్టలేదు. జాకీని పావుచుట్టు తిప్పాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ పావుచుట్టు. మధ్యాహ్నానికి బద్ద అటూ ఇటూ తగిలి నిలిచింది. అప్పుడు ఆ ఖాళీకి అడ్డంగా ఇనుపగొట్టం అతికించాడు. ఇక కారు కదలడానికి లేదు.

తర్వాత తొందరపడలేదు. గడపను ముందు కొసన జానెడు అతికేవాడు. వేడికి రేకు వంకరపోకుండా, చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా ఆగేవాడు. వెనక కొసన జానెడు. మళ్లీ ఆగడం. నాలుగో ఆదివారం గొట్టం కోసి తీశాడు. జాకీ దించాడు. వెదురుబద్ద పెట్టి చూశాడు. అంతే ఉంది.

తలుపు తగిలించాడు. మూయలేదు.

"మూసి చూడవా?" అంది మునివెంకటమ్మ.

"లక్ష్మణప్ప రానీ."

"భయం."

"లేదు."

"ఉంది."

"కొంచెం."

లక్ష్మణప్ప మాట ప్రకారం బస్సులోనే వచ్చాడు. పక్కన శెట్టి. శ్రీరంగప్ప తెల్లచొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"యాడప్పా నీ తలుపు? తాడు తెచ్చినాను, కావాలంటే ఇస్తా," అన్నాడు లక్ష్మణప్ప.

శ్రీరంగప్ప తలుపును పూర్తిగా తెరిచాడు. చూపుడువేలు ఆనించి తోశాడు. తలుపు తిరిగి వచ్చి, తమలపాకుల పెట్టె మూతలా, చిన్న చప్పుడుతో పడింది.

లక్ష్మణప్ప తెరిచి మూశాడు. మళ్లీ తెరిచాడు. ఏడుసార్లు. తర్వాత గోటిని తలుపు అంచంతా నడిపించాడు. ఆకురాయి గుర్తు కోసం వెతుకుతున్నాడని శ్రీరంగప్పకు తెలుసు. వెతకనిచ్చాడు. పైమూలన పాత రంగు గీత కూడా పడకుండా ఉంది.

లక్ష్మణప్ప భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచాడు. ఇరవై ఏళ్లుగా షెడ్డులో అతను ఎవరి పని చూడ్డానికీ నేల మీద పడుకోలేదు.

"రాప్పా. యాడ కోసినావో చూపించు."

"ముందు తప్పుగా కోసినాను. అది కూడా చూపిస్తా."

"ఎవురు చెప్పినారు తప్పని?"

శ్రీరంగప్ప వాకిట్లోకి చెయ్యి చూపాడు. "ఆయమ్మ."

"నేనేమి చెప్పినాను?" అంది మునివెంకటమ్మ. "ఇంటికి చేసినట్ల చెయ్యమన్నాను. మేస్త్రీలకు అది కూడా చెప్పాలంటే ఎట్లప్పా?"

ఇద్దరూ కారు కిందికి దూరారు. బయటికి నాలుగు పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. లోపలి నుంచి మాటలు వస్తున్నాయి. జాకీ ఆడనా? ఆడ కాదు, ఈడ. జానెడా? జానెడే. చల్లారినాకనా? చెయ్యి పెట్టి చూసినాకనే.

శెట్టి గొడుగు మడిచి కాసేపు ఆగాడు. "పోదామా అప్పా? బస్సు వస్తాది," అన్నాడు.

కింద నుంచి మళ్లీ జానెళ్ల లెక్కే వినిపించింది.

మునివెంకటమ్మ మూడు లోటాల కాఫీ తెచ్చింది. ఒకటి శెట్టికి ఇచ్చింది. మిగిలిన రెండూ పాదాల పక్కన పెట్టింది. అవి అక్కడే చల్లారాయి.