సరుగుడు తోటలో సన్నని దారి

వాన వెలిసిన ఈ ఉదయం సూర్యలంక వైపు వెళుతుంటే, తడిసిన ఎర్ర గ్రావెల్ వాసన, అప్పుడే కొట్టిన సరుగుడు కలప పచ్చి వాసన కలిసి జీపులోకి వచ్చాయి. రత్నకుమారి గారు గుర్తొచ్చారు. నేను అటవీశాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేరినప్పుడు ఆవిడ మా రేంజ్ ఆఫీసరు. తెనాలి మనిషి, లూథరన్ బడిలో పాఠాలు చెప్పిన పంతులమ్మ కూతురు. గొంతు పెంచేవారు కాదు, అన్న మాట వెనక్కి తీసుకునేవారూ కాదు.

అప్పట్లో తోటలో ఉన్నది ఇసుక బాట. కలప ట్రాక్టరు ఒకటి దిగబడితే వెనక వచ్చేది పక్కనుంచి పోయేది, దాని వెనకది ఇంకాస్త పక్కనుంచి. అలా బాట ఏటేటా వెడల్పవుతూ, కొత్తగా నాటిన మొక్కలు చక్రాల కింద పోయేవి. తోట బతకాలంటే బండ్లను లోపలికి రానివ్వకూడదని నా నమ్మకం. ఆ మాటే అన్నాను. ఆవిడ వంగి, ఒరిగిపోయిన మొక్కనొకదాన్ని నిలబెట్టి మట్టి ఎగదోశారు. "కలప అమ్మకపోతే మళ్ళీ నాటేదెవరు ప్రసాదూ? బండి రావాలి. దానికి గట్టి దారి ఉంటే మొక్కల్లోకి ఎందుకు దిగుతుంది?" అన్నారు.

ఆవిడ అడిగిన గ్రావెల్ దారికి అనుమతి వచ్చాక, లారీల యజమాని నాగేశ్వరరావు ఆఫీసుకు వచ్చాడు. రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పుండాలనీ, సముద్రం ఒడ్డున ముదురు చెట్ల వరసలోంచి తిన్నగా వేయాలనీ అతని కోరిక. గాలివానల్లో జాలర్ల ఇళ్ళను కాచేది ఆ వరసే.

"అక్కడ ఒక్క చెట్టూ కొట్టనివ్వనండి," అన్నారావిడ. "చుట్టు తిరిగినా దారి వెనకనుంచే."

"ఎదురుగా బండొస్తే ఏంటి మేడం మా గతి?"

"ఒకరు ఆగాలి. ఆగడానికి అక్కడక్కడా చోటు చేయిస్తాను."

అసలు పరీక్ష దారి వేశాక తొలి వానాకాలంలో వచ్చింది. ముసురు పట్టగానే ఆవిడ గేటు వేయించి లారీలను ఆపేశారు. నాగేశ్వరరావు డ్రైవర్లతో వచ్చి గేటు ముందు నిలబడ్డాడు. "రోడ్డు వేసింది లారీలు పోడానికే కదండి?" అన్నాడు.

"అవునండి. వచ్చే ఏడాది కూడా పోడానికి."

గొడుగు తీసుకుని అతన్ని వెంటబెట్టుకుని దారి మీదికి నడిచారు. కాస్త దూరం పోయాక ఆగి, మడమతో గ్రావెల్‌ను నొక్కారు. కింద నుంచి నీళ్ళు ఊరాయి. అతనూ తన మడమతో నొక్కి చూసుకున్నాడు. తిరిగొచ్చి బండ్లను వెనక్కి తిప్పించాడు. ఆ మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి ఫోను, కలప ఆగిపోయింది గేటు తీయమని. ఆవిడ చెప్పింది ఒక్కటే. "బదిలీ చేస్తే చేయండి సార్. గేటు మాత్రం దారి ఆరాకే తీస్తాను."

ఆరాక తీశారు. నిండు లోడుతో లారీలు వరసగా బయటికొచ్చాయి. ఒక్క చక్రం దిగబడలేదు. అన్నట్టే బదిలీ కూడా వచ్చింది. ఆవిడ నవ్వుతూ సామాను సర్దుకున్నారు. ఆ ఏడాది నాటిన వరసలు ఏపుగా పెరిగి కోతకొచ్చాయి, ఆ కలప కూడా ఆ దారినే వెళ్ళింది.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ఆఫీసులో కూర్చుని చెప్పను. తోటలోకి తీసుకెళ్ళి నేల చూపిస్తాను. చాలామంది నేను నోరు విప్పకముందే ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్ళకు మంచి టీ ఇప్పించి, కాదనే చెబుతాను.