ఆరుగురు అప్పలనాయుళ్ళను రిటైర్ చేసిన సోమవారం

నేనొకసారి ఒక్క మీట నొక్కి, ఇరవై ఆరేళ్ళ పెళ్ళికొడుకుతో సహా ఆరుగురిని రిటైర్ చేయించి, ఓడరేవు గేటు ముందు ఎర్రజెండాలు లేపించాను. గొప్ప చెప్పుకోవడం కాదు. ఆ ఘనత ఇంకెవరికీ దక్కలేదని మనవి చేసుకుంటున్నానంతే.

అప్పట్లో సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో అమ్మానాన్నలతో ఉంటూ, సాల్ట్ లేక్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. మెటియాబ్రుజ్ దగ్గర ఓడరేవులో సరుకులు ఎక్కించి దింపే కంపెనీ ఒకటి మాకు పని అప్పజెప్పింది. హాజరుకొకటి, సెలవులకొకటి, సర్వీసు రికార్డులకొకటి, వాళ్ళ దగ్గర మూడు ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములుండేవి. ఉచితంగా దొరికినవి, ఏ దేశంలో ఎవరు రాశారో తెలియనివి. ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని ముగ్గురు తోడికోడళ్ళలా ఉండేవి. వాటిని కలిపి ఒకటే ప్లాట్‌ఫామ్‌గా చెయ్యాలి.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు మా బెంగాలీ టీమ్ లీడర్ బికాశ్‌దా.

"రెండు వారాలు."

"నేను మూడు నెలలని రాసిచ్చానే."

"అది మామూలువాళ్ళకి, దాదా."

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మూడింటిలోనూ ఉన్న ఒకే మనిషిని ఎలా గుర్తుపట్టడం? పేరుని బట్టి. మేడమీద ఆఫీసులో నలభైమంది గుమాస్తాల మీద పరీక్షించి చూశాను. ఒక్క తప్పు లేదు. కింద రేవులో పనిచేసేవాళ్ళంతా మా శ్రీకాకుళం వైపువాళ్ళేనని, అక్కడ అప్పలనాయుడు పేరుకి కరువు లేదని, మీరనుకుంటున్నట్టే నేనూ అనుకుని ఉండాల్సింది.

సోమవారం పొద్దున గేటు దగ్గర కొత్త ప్లాట్‌ఫామ్ మొదలైంది. కాపలాదారు 'అప్పలనాయుడు' అని పేరు కొట్టాడు. తెరమీద నేనే ప్రేమగా రాసిన వాక్యం వచ్చింది: "మీరు రిటైరయ్యారు. శేషజీవితం ఆనందంగా గడపండి."

శనివారం నాడు ఒక అప్పలనాయుడు నిజంగానే రిటైరయ్యాడు. మిగిలిన ఆరుగుర్నీ నా ప్రోగ్రాము అతనిలో కలిపేసింది.

అరగంటలో యూనియన్ నాయకుడొచ్చాడు. "కంప్యూటర్‌తో ఉద్యోగాలు పీకడం చోల్బే నా, చోల్బే నా" అని నినాదాలు మొదలయ్యాయి. నా మీద చెల్లదు చెల్లదని రెండొందలమంది అరవడం నాకదే మొదలు.

"నువ్వూ తెలుగువాడివేగా. వెళ్ళి మాట్లాడు" అంటూ బికాశ్‌దా నన్ను గేటు బయటికి తోశాడు.

అందరికన్నా చిన్న అప్పలనాయుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏటి బావూ ఇది? నాకీ నెల్లో పెళ్ళి. పెళ్ళికూతురోళ్ళకి నాను రిటైరైపోనానని సెప్పీమంటావా?"

నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. తండ్రి పేరు కలిపితే సరి.

"మీ నాన్న పేరు?"

"సింహాద్రి."

పక్కాయన్ని అడిగాను. "సింహాద్రి."

మూడో ఆయన నేనడక్కముందే తలూపాడు. "నాదీ సింహాద్రే బావూ."

"మీరంతా అన్నదమ్ములా?"

"కాదు. నాది సోంపేట, ఈడిది మందస."

అప్పుడు అందరికన్నా పెద్ద అప్పలనాయుడు జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి నా ముక్కు ముందు పెట్టాడు. దానిమీద మూడంకెలున్నాయి. "ఇన్నాళ్ళూ గేటుకాడ ఈ నెంబరే కొట్టీవోరు. దీన్నెందుకు వొగ్గేసినావు?"

ఎందుకంటే, పాత ప్రోగ్రాముల్లో 'టి. నం.' అనే గడి మూడింటిలోనూ ఉంది. టోకెన్ నంబరు. నేనది టెలిఫోన్ నంబరనుకున్నాను. మూడంకెల ఫోన్లు ఈ కాలంలో ఎవరికున్నాయిలే అని, శుభ్రత కోసం తీసిపారేశాను.

ఆ గడి మళ్ళీ చేర్చేసరికి, మధ్యాహ్నానికి ఆరుగురూ ఉద్యోగాల్లోకొచ్చారు. చిన్న అప్పలనాయుడు మాత్రం కదల్లేదు. కబురు అప్పటికే పెళ్ళికూతురింటికి చేరిపోయిందట. "ఇతను రిటైర్ కాలేదు, వయసు ఇరవై ఆరు" అని కంపెనీ కాగితం మీద రాసి, నేను సంతకం పెట్టి, బికాశ్‌దా చేత ముద్ర వేయించాను. నా జీవితంలో తప్పుల్లేకుండా రాసిన తొలి డాక్యుమెంటేషన్ అదే.

ఆనాడే, గేటు ముందు నిలబడి, రెండొందలమంది సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: పేర్లు చూసి ఇద్దరు మనుషుల్ని ఒకటి చెయ్యను గాక చెయ్యను. దానికి ఎంత కట్టుబడ్డానంటే, నా పెళ్ళిలో పురోహితుడు మా పేర్లు చదివి ఒక్కటి చేస్తున్నప్పుడు, "నంబర్లు సరిచూశారా, పంతులుగారూ?" అని అడిగాను. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, ఆయన చూసి ఉంటే బాగుండేదని.