నాయన కాలివేలు, అమ్మ పసుపు

పసుపు మీద నాకు ద్వేషం ఏమీ లేదు. పప్పులో వేస్తే తింటాను, గడపకు రాస్తే దాటిపోతాను, జలుబు చేసినప్పుడు పాలలో కలిపిస్తే ముక్కు మూసుకుని మింగుతాను. మా ఇంట్లో అది పోపులపెట్టెలో కాపురమున్న డాక్టరు. ఆ డాక్టరు మా నాయన కాలి బొటనవేలికి వైద్యం మొదలుపెట్టిన సంగతి మదనపల్లె ఇంటికి వెళ్లేదాకా నాకు తెలియదు.

టమాటా తోటలో ఊతకట్టె గుచ్చుకుందట. అమ్మ పసుపు అద్దింది. మర్నాడు దాని మీదే మరికొంత. కడిగితే గుణం పోతుందని కడగలేదు. నేను చూసేసరికి వేలు లేదు. వేలు ఉండాల్సిన చోట పసుపు, నూనె, చీము కలిసి గట్టిపడిన ముద్ద ఉంది. ఈగలు తోపులాట లేకుండా వంతులవారీగా వాలుతున్నాయి. వాసన గురించి రాయను. ఆ పూట అమ్మ పప్పన్నం పెడితే రంగు చూసి కంచం పక్కకు జరిపాను.

"ఆస్పత్రికి పోదాం నాయనా," అన్నాను.

"యాల? నొప్పే లేదు గదా."

"సూడప్పా," అంది అమ్మ గర్వంగా. "పసుపు పెట్టినానో లేదో నొప్పి లాగేసింది. మీ మాత్రలు చేస్తాయా ఈ పని?"

నాయనకు చాన్నాళ్లుగా షుగరు ఉంది. అంత పుండుకు నొప్పి లేకపోవడం చూసే నాకు భయం వేసింది. అక్క ఉండేది కుప్పంలో. అమ్మనూ నాయననూ అక్కడి పెద్దాస్పత్రికి బయలుదేరదీశాను.

పుంగనూరులో బస్సెక్కిన ఒకామె మా ముందు సీట్లో కూర్చుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమైందప్పా పెద్దాయనకు?"

"కాలికి పుండమ్మా."

"పసుపు పెట్టలేదా?"

"పెట్టినాము."

"ఇంగా పెట్టాల్సింది. వేపాకు వేసి నూరినారా?"

"సున్నం కలపల్లమ్మా, సున్నం!" అన్నాడు వెనక సీటాయన.

కుప్పం చేరేలోపు బస్సంతా వైద్యులే. కిటికీలు మాత్రం అందరూ తెరుచుకున్నారు.

ఆస్పత్రిలో డాక్టరు చాలాసేపు కడిగాడు. ట్రేలోకి పచ్చటి నీళ్లు, వాటి వెంట నేను చూడకూడదనుకున్నవి దిగాయి. చివరికి వేలు బయటపడింది. నల్లగా ఉంది. సూదితో గుచ్చి, "నొప్పి ఉందా?" అన్నాడు.

"లేదు సార్. పసుపు పెట్టినాము గదా."

"పసుపు కాదు పెద్దాయనా, షుగరు. కాలికి స్పర్శ పోయింది. నొప్పి ఉన్నా నీకు తెలీదు. ఇంకొన్నాళ్లు ఆగింటే పాదమే తీసేయాల్సి వచ్చేది. వేలితో బయటపడతావు."

అమ్మ గోడకేసి చూసింది.

వేలు తీసేసి ఇంటికి పంపారు. చూడటానికి వచ్చిన బంధువులు విచారించి తేల్చిందేమిటంటే, తప్పు ప్యాకెట్టు పసుపుది. కల్తీ సరుకు. కొమ్ములు దంచి పెట్టి ఉంటే వేలు ఉండేది. అమ్మ ప్రాణం లేచొచ్చింది. మరుసటి పూటే రోలు కడిగింది.

నేను నాయన కాలికి కట్టు మారుస్తుండగా గిన్నెతో వచ్చింది.

"ఇది ఇంట్లో దంచిందే. రవ్వంత పెడతాను."

కట్టె గుచ్చుకున్నప్పుడు కదలని కాలు, సూదికి కదలని కాలు, అమ్మ వంగేలోపు మంచం మీద దుప్పట్లోకి పోయింది.

"నొప్పిగా ఉండాదా?" అంది అమ్మ ఆశ్చర్యంగా.

"ఊఁ," అన్నాడు నాయన. "శానా."