కంట్లో పిండిన పాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. క్యాజువాలిటీలో ఇన్నేళ్లు నర్సుగా చేస్తే ఎవరికైనా అంతే. కానీ ఆ రోజు కోప్పడటానికి కూడా తీరిక లేకపోయింది.

ఫిషింగ్ హార్బర్ పక్కన ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా పైపు పగిలింది. పనివాళ్లు ఆటోల్లో ఒకరి మీద ఒకరు పడి వచ్చారు. వాళ్ల బట్టల వాసనకే మా కళ్లు మండిపోతున్నాయి. ఆ బట్టలు కత్తిరించి తీసేసి, మనుషుల్ని పైపు నీళ్లతో కడుగుతున్నాం. చివరి ఆటోలోంచి ఒకతను దిగాడు. రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాడు. నెలల బిడ్డను చంకనేసుకుని భార్య అతన్ని చెయ్యి పట్టి నడిపిస్తోంది.

రెప్పలు విడదీశాను. తెల్లగా కారింది.

"ఏటమ్మా ఇది?"

"నా పాలే సిస్టరమ్మా. మంట సల్లారతాదని పిండినాను. కళ్లు తెరవకుండా సానాసేపు కూకోబెట్టినాను," అంది, మంచి పని చేశానన్న ధీమాతో.

కంట్లో నలక పడితే మా అమ్మా అదే చేసేది. చనుబాలంటే మా వైపు అంత నమ్మకం. కానీ ఇది నలక కాదే! అమ్మోనియా పడితే వెంటనే నీళ్లు పోయాలి, పోస్తూనే ఉండాలి. 'ఓలమ్మో, ఎంత పని చేశావే!' అని నోటిదాకా వచ్చింది. మింగేసి సెలైన్ బాటిల్ అందుకున్నాను. అతను తల విదిలిస్తుంటే నేనూ ఇంకో సిస్టరూ అదిమిపట్టి కడిగాం. ఒక కన్ను దక్కింది. రెండోది ఉడికిన చేప కన్నులా తెల్లబడిపోయింది.

మర్నాడు వార్డులో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె జాకెట్ పాలతో తడిసిపోతోంది, అయినా రొమ్ము ఇవ్వట్లేదు. పక్కనే అత్తగారు. "నీ పాలే నా కొడుకు కన్ను తినేసినాయి," అంటోంది.

"నా పాలు విసమా సిస్టరమ్మా?" అని నన్నడిగింది ఆమె.

"ఎవరే ఆ మాటంది? నీ పాలేం చెయ్యలేదు తల్లీ. అంతా ఆ గ్యాసే చేసింది," అన్నాను, అత్తగారికి వినపడేలా. ముందే నీళ్లు పోసి ఉంటే ఆ కన్నూ దక్కేదేమో అన్న మాట గొంతులోనే ఉంచేసుకున్నాను. బిడ్డను తీసి ఆమె ఒళ్లో పెట్టాను. బిడ్డ ఆత్రంగా అందుకుంది. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

డిశ్చార్జి రోజు మందులివ్వడానికి గేటు దాకా వెళ్లాను. వాళ్ల పేట ఆడవాళ్లు చుట్టూ మూగి ఉన్నారు. అందరి మొగుళ్లూ ఆ ఫ్యాక్టరీలోనే పని. ఆమె నా చెయ్యి పట్టుకుని వాళ్లతో అంది: "పాల వల్ల ఏటీ అవదు. సిస్టరమ్మే సెప్పింది. నాను పిండినాను గాబట్టే ఆ ఒక్క కన్నయినా మిగిలింది. మీరూ అలాగే సెయ్యండి."

అందరూ నా వైపు చూశారు. అత్తగారూ చూసింది. కాదని చెప్పబోయాను. ఆమె పైట కింద బిడ్డ పాలు తాగుతోంది.

నోరు మూసుకున్నాను. ఆ ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఆడవాళ్లు ఇప్పటికీ నా మాట నమ్ముతూనే ఉంటారు, అదే నా భయం.